అంగుళానికి అడుగు

ఆ వానాకాలం మా ఆయన రెండు నెలలకు పైగా చర్చికి రాలేదు. అడిగినవాళ్ళందరికీ కడుపునొప్పి అని చెప్పాను. ఆదివారం పొద్దున మాత్రమే వచ్చే కడుపునొప్పి ఏమిటని ఒక్కరూ నిలదీయలేదు. మా సంఘంవాళ్ళు అంత మంచివాళ్ళు. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది.

మా ఆయన తాపీమేస్త్రి. అంతకుముందు ఏడాది సారవ కర్ర విరిగి రెండో అంతస్తు నుంచి పడ్డారు. ప్రాణం దక్కింది గాని, కాళ్ళు మాట వినడం మానేశాయి. అప్పటినుంచీ చక్రాల కుర్చీయే. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎదురింటి ప్రహరీగోడ అర అంగుళం ఎడమకి ఒరిగిందని రోజుకోసారి చెప్పేవారు. అది తప్ప మాటలు బాగా తగ్గిపోయాయి. పాట అయితే పూర్తిగా పోయింది. అంతకుముందు గోడకి మేకు కొట్టినా పాడుతూనే కొట్టే మనిషి. చర్చిలో అందరి గొంతుల కిందా ఆయన గొంతు పునాదిలా ఉండేది. అది లేకపోతే మా పాట ఎంత గాలిలో తేలిపోతుందో ఆ ఏడాదే తెలిసింది.

మా చర్చి వాకిట్లో ఏడు మెట్లున్నాయి. గేటు మీద మాత్రం పెద్ద అక్షరాలతో 'అందరూ రండి, ఇది మీ ఇల్లు' అని ఉంటుంది. ఆ బోర్డు కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు పెట్టించారు. ముప్పై దాటని మనిషి. ఎవరూ బయట మిగలకూడదని ఆయన తాపత్రయం. నిజమైన తాపత్రయమే, నటన కాదు. మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో వారమే అయ్యగారు నలుగురిని పోగుచేశారు. బస్సు డ్రైవరు, రొట్టెల బట్టీ నడిపే బాబాయి, లెక్కల మాస్టారు, పోస్టుమాను. కుర్చీ తలో మూల పట్టుకుని ఆ ఏడు మెట్లూ ఎక్కించేవారు. లోపల నోటీసు బోర్డు మీద 'మోసే జట్టు' అని వాళ్ళ పేర్లూ తేదీలూ అంటించారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే బదులు ఎవరు పట్టాలో కూడా రాశారు.

పైకి చేర్చగానే చప్పట్లు. మా సంఘానికి చప్పట్లంటే ప్రాణం. కొత్తవాళ్ళు వస్తే లేపి నిలబెట్టి కొడతాం, జ్వరం తగ్గి వచ్చినవాళ్ళకి కొడతాం, ఒకసారి కరెంటు పోయి తిరిగొస్తే దానికీ కొట్టాం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మోయడం నాకు నచ్చింది. వారమంతా మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఒక్కదాన్నే ఎత్తేదాన్ని. ఆదివారం ఆ ఏడు మెట్ల దగ్గర నా చేతులు ఖాళీగా వేలాడుతుంటే, మాకూ మనుషులున్నారని గర్వంగా ఉండేది. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం వైపు చూడాలని నాకు తట్టలేదు.

వానలు మొదలైన రెండో ఆదివారం మెట్లు పాచి పట్టాయి. అయిదో మెట్టు మీద బాబాయి కాలు జారింది. కుర్చీ ఒక పక్కకి వాలిపోయింది. మాస్టారు తన భుజం అడ్డుపెట్టి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన ఒళ్ళో ఉన్న పాటల పుస్తకం మాత్రం దొర్లుకుంటూ పోయి బురదలో పడింది. వాళ్ళు ఊపిరి బిగబట్టి మిగిలిన రెండు మెట్లూ ఎక్కించారు. లోపల ఉన్నవాళ్ళు ఎప్పటికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చాక ఆయన పుస్తకం పేజీలు ఒక్కొక్కటే విడదీసి ఆరబెట్టుకున్నారు. "ఇక నేను రాను" అన్నారు. ఎందుకని అడిగితే, రానంటే రానంతే అన్నారు. ఆ రోజు నుంచి గడ్డం గీసుకోవడం కూడా మానేశారు. నాకు భయం వేసింది. పడ్డప్పుడు కూడా అంత భయం వేయలేదు. అప్పుడు చుట్టూ డాక్టర్లు ఉన్నారు. ఇప్పుడు ఆ మనిషి నా కళ్ళ ముందే రోజుకింత చొప్పున లోపలికి వెళ్ళిపోతున్నారు, పిలవడానికి ఏ డాక్టరూ లేడు. ఆదివారం ఒక్కటే ఆయన ఇంటి గడప దాటే రోజు. అదీ పోతే ఇక కిటికీయే.

నేను ఒక్కదాన్నే వెళ్ళడం మొదలుపెట్టాను. మెట్ల కింద, చూరు నీడన, పెద్ద నర్సమ్మగారు ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా సంఘంలో సగంమందికి ఆమె చేతుల మీదే పురుళ్ళయ్యాయి. రిటైరై చాలా ఏళ్ళయింది. లోపల ఉక్కపోత, ఇక్కడైతే గాలి బాగుంటుంది అని మూడేళ్ళుగా అక్కడే కూర్చుని, కిటికీలోంచి వినిపించిన మేరకు ప్రసంగం వినేవారు. "గాలి బాగుందా అమ్మా?" అని పలకరించి నేను గబగబా మెట్లెక్కేదాన్ని. బాగుందమ్మా అనేవారు. మా ఆయన వచ్చే రోజుల్లో, జట్టు నలుగురూ కూడేదాకా ఆయన కుర్చీ ఈమె కుర్చీ పక్కనే ఆగేది. ఇద్దరూ ఏవో మాట్లాడుకునేవారు. ఏమిటని నేను ఎప్పుడూ అడగలేదు.

"మేస్త్రికి కడుపునొప్పి తగ్గలేదా?" అని నర్సమ్మగారు అడిగారు ఒకసారి. లేదమ్మా అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "ఆ నొప్పికి నా దగ్గర కూడా మందు లేదులే" అన్నారు. నేను నవ్వేసి మెట్లెక్కేశాను.

మూడో వారం అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. ఆయనా జట్టువాళ్ళూ కలిసి మెట్ల పక్కన ఒక వాలుదారి కడతారట. శనివారాలు తమ చేతులతో తామే కట్టి, మేస్త్రిగారికి చెప్పకుండా ఉంచి, పూర్తయ్యాక తీసుకొచ్చి చూపిస్తారట. మీరు మాత్రం నోరు జారకండి అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నోరు జారడమా, కుట్టేసుకున్నాననుకోండి అన్నాను. నాలుగు శనివారాలు ఆ నలుగురూ తడుస్తూ ఇటుకలు మోశారు. బాబాయి తెల్లవారకముందే బట్టీ పని ముగించుకుని వచ్చేవాడు. లెక్కంతా మాస్టారు చూశాడు. నేను యూనిఫారం గుడ్డ ముక్కలు కలిపి, దాన్ని కప్పడానికి పెద్ద దుప్పటి కుట్టి ఇచ్చాను. నీలం, తెలుపు.

అయ్యగారు ప్రార్థనకి రమ్మన్నారని అబద్ధం చెప్పి నాలుగో శనివారం సాయంత్రం మా ఆయన్ని తీసుకెళ్ళాను. గడ్డం గీసుకోమని బతిమాలితే గీసుకున్నారు. గేటు దాటేసరికి యాభైమంది ఉన్నారు. అయ్యగారు దుప్పటి లాగారు. చప్పట్లు మొదలయ్యాయి. మా ఆయన దాన్ని చూశారు. కింది నుంచి పై దాకా ఒకసారి, పై నుంచి కిందికి ఇంకోసారి. నాకు ఆయన దవడ బిగియడం కనిపించింది. ఆనందం ఆపుకుంటున్నారనుకున్నాను.

డ్రైవరు ఉత్సాహంగా వెనక నుంచి కుర్చీ తోశాడు. సగం దాకా వెళ్ళింది. అక్కడ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. డ్రైవరు కాళ్ళు జారుతూ వెనక్కి వస్తుంటే బాబాయి వెళ్ళి అతని వీపుకి తన వీపు ఆనించాడు. అలా ముగ్గురూ మెల్లగా కిందికి దిగొచ్చారు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో చివరి దాకా కొడుతూనే ఉన్నారు, పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఎవరు కట్టారు?" అన్నారాయన.

"మేమే మేస్త్రిగారూ" అన్నాడు మాస్టారు. ఇంకా ఎక్కడో కాస్త గర్వం మిగిలి ఉంది ఆ గొంతులో.

"పగలగొట్టండి" అన్నారు. నా వైపు తిరిగి, ఇంటికి పోదాం అన్నారు.

ఆ రోజు నేను ఆయనతో పెట్టుకున్నంత పోట్లాట పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో పెట్టుకోలేదు. వాళ్ళు సెలవులన్నీ దానికే ఖర్చుపెట్టారన్నాను. బాబాయికి ఇప్పటికీ నడుంనొప్పి అన్నాను. అంతమందిలో వాళ్ళ ముఖం ఎలా చిన్నబోయిందో చూశారా, మీకసలు మనసుందా అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని అంతా విన్నారు.

"ముప్పై ఏళ్ళు గోడలు కట్టాను" అన్నారు చివరికి. "ఆ ఏడు మెట్లూ కట్టింది కూడా నేనే. నన్ను ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు. కాళ్ళు పోయాయి గాని, లెక్క పోలేదుగా."

నేను మిషను ముందు కూర్చుండిపోయాను. పిల్లవాడి కొలత ఇదీ అని తల్లి ఒట్టేసి చెప్పినా, పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి టేపు పెట్టందే నేను గుడ్డకి కత్తెర వేయను. అది నా పట్టుదల. అటువంటిదాన్ని, నాలుగు శనివారాలు నోరు మూసుకుని దుప్పటి కుట్టాను. వాళ్ళు కనీసం నాకు చెప్పారు. నేను ఆయన్ని అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆదివారం ప్రసంగంలో అయ్యగారు రెండుసార్లు తడబడ్డారు. సోమవారం మధ్యాహ్నం వానలో మా ఇంటికి వచ్చారు. వచ్చి క్షమాపణలు మొదలుపెడతారనీ, మా ఆయన మరీ ముడుచుకుపోతారనీ భయపడ్డాను. అయ్యగారు క్షమాపణ చెప్పలేదు. తడిసిన చెప్పులు బయట విడిచి, ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, జేబులోంచి చిన్న నోటు పుస్తకం, పెన్సిలు తీశారు.

"మేస్త్రిగారూ, ఎంత పొడవుండాలి?" అన్నారు.

ఆయన ఆ నోటు పుస్తకం వైపు చూశారు. నేను కుట్టు ఆపేశాను, చప్పుడు అడ్డం వస్తుందేమోనని.

"అంగుళం ఎత్తుకి అడుగు పొడవు" అన్నారు. "ఒక్కో మెట్టూ ఆరంగుళాలు. ఏడు మెట్లు. మీరే వేసుకోండి."

అయ్యగారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. "నలభై రెండు అడుగులా? మేం పదడుగులే కట్టాం!"

"చూశాను. సిమెంటులో ఇసుక ఎన్ని పాళ్ళు వేశారు?"

అయ్యగారు చెప్పారు. మా ఆయన నుదురు కొట్టుకున్నారు. "పగలగొట్టమన్నాను గాని, అక్కర్లేదు అయ్యగారూ. రెండు వానలు ఆగండి, అదే పోతుంది." అని నవ్వారు. గొంతులోంచి వచ్చిన నవ్వే. అయ్యగారూ నవ్వారు. నేను మిషను చక్రం తిప్పుతున్నట్టు తల వంచుకున్నాను, కళ్ళు కనబడకుండా.

మర్నాటి నుంచి ఇంట్లో నాకు కాలు పెట్టే చోటు లేదు. నా సుద్దముక్కలన్నీ మాయం. నేల మీదంతా గీతలే. చర్చి వాకిట్లో నలభై రెండు అడుగులు నేరుగా పట్టవు కనుక, గేటు దగ్గర మొదలై ప్రహరీ వెంట వెళ్ళి, మూల తిరిగి, తలుపు ముందు అరుగుకి చేరేటట్టు గీశారు. మూలలో కుర్చీ తిరగడానికీ, ఆగి ఊపిరి తీసుకోవడానికీ చదునుగా ఒక చోటు. దాని కోసం తన కుర్చీని నా చేత అటూ ఇటూ తిప్పించారు.

శనివారం పొద్దున మోసే జట్టు చర్చి వాకిట్లో బిక్కముఖాలతో నిలబడింది. ఆయన గేటు పక్కన గొడుగు కింద కూర్చుని, మోకాళ్ళ మీద రసమట్టం పెట్టుకుని, ఒక్కొక్కరికీ పని పంచారు. ఇక చూడాలి ఆ నలుగురి తిప్పలు. బాబాయి పిండి పిసికినట్టు సిమెంటు పిసుకుతుంటే, అది రొట్టె కాదు బాబాయ్, పొంగదు అన్నారు. మాస్టారు కట్టిన వరుస మూడుసార్లు విప్పించారు. పోస్టుమాను చేతికి తాపీ నప్పింది, అతనికి ఒక్క మెచ్చుకోలు దొరికింది. దానికే అతను సాయంత్రం దాకా ఈల వేస్తూ పనిచేశాడు. ఎవరూ ఆయన్ని జాలిగా చూడటం లేదు. చూసే తీరిక ఎక్కడిది, తిట్లు తప్పించుకోవడానికే సరిపోయింది.

మధ్యాహ్నం అందరం కూర్చుని తింటుంటే, ఉన్నట్టుండి ఆయనే అన్నారు. "అప్పటి పాత అయ్యగారు మూడు మెట్లు చాలన్నారు. నేనే ఏడు పెట్టాను. దేవుడి ఇంటికి పైకెక్కి రావాలన్నాను. అందంగా కుదిరాయని వారం రోజులు మురిసిపోయాను." డ్రైవరు తన పళ్ళెంలోంచి ఆయన పళ్ళెంలోకి ఒక ముక్క వేశాడు.

ఆఖరి శనివారం ఇనప కమ్మీ తెప్పించారు. వాలుదారి పొడవునా, మామూలుగా పెట్టేదానికంటే కాస్త కిందగా బిగించమన్నారు.

"చక్రాల కుర్చీకి కమ్మీ ఎందుకు మేస్త్రిగారూ?" అన్నాడు మాస్టారు.

"పెట్టమంటే పెట్టవయ్యా" అన్నారు. ఆయన చేత్తో ఎత్తు చూపించి, రెండుసార్లు సరిచేయించారు.

వానలు వెనకబట్టాయి. మొదటి ఆదివారానికి ఆయన మూడు షరతులు పెట్టారు. రిబ్బను వద్దు. నోటీసు బోర్డు మీది జట్టు కాగితం తీసేయాలి. మూడోది గట్టి షరతు, చప్పట్లు వద్దు. అందరూ ఎప్పటిలా లోపల కూర్చుని పాట మొదలుపెట్టండి, నేను వస్తాను అన్నారు. లోపల మూడో వరుస బల్ల చివర మూడడుగులు కోయించి, కుర్చీ పట్టే చోటు ముందే చేయించుకున్నారు. అందరికంటే ముందు వద్దు, తలుపు పక్కన కూడా వద్దు, వరుసలో ఉండాలి అన్నారు. నన్ను కూడా గేటు దగ్గరే వదిలేసి లోపలికి పొమ్మన్నారు.

వెళ్ళాను. నర్సమ్మగారి కుర్చీ చూరు కింద ఉంది, ఆమె లేరు. ఆ కంగారులో నేను దాని గురించి ఆలోచించలేదు. మూడో వరుసలో, కోసిన చోటు పక్కన కూర్చున్నాను. పాట మొదలైంది. మొదటి చరణం అయింది. చక్రాల చప్పుడు లేదు. డ్రైవరు మెడ వెనక్కి తిరగబోయి ఆగిపోతోంది. రెండో చరణం అయింది. పాడుతున్నవాళ్ళ గొంతులు సన్నబడ్డాయి, అందరి చెవులూ తలుపు వైపే ఉన్నాయి. వెనక్కి వెళ్ళిపోయారు, ఇక ఎప్పటికీ రారు, అనుకున్నాను.

అప్పుడు కర్ర చప్పుడు వినిపించింది. టక్కుమని ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. ఆగలేక తిరిగి చూశాను.

తలుపులో పెద్ద నర్సమ్మగారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కర్ర. ఇంకో చేయి బయట కమ్మీని ఇంకా వదల్లేదు. ముఖమంతా చెమట. ఆమె వెనక, రెండడుగుల దూరంలో, మా ఆయన రెండు చక్రాలనీ చేతులతో బిగించి పట్టుకుని ఆగి ఉన్నారు. ఆమె ఒక అడుగు వేస్తే ఆయన ఒక జానెడు కదిలారు. నలభై రెండు అడుగులూ అలాగే వచ్చారు ఇద్దరూ.

గాలి బాగుందా అమ్మా అని మూడేళ్ళు అడిగాను. ఆమె మోకాళ్ళ గురించి ఒక్కసారి కూడా అడగలేదు. చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో ఆమె పేరు కూడా ఆ కాగితం మీద ఎక్కించి, నలుగురం కలిసి ఎత్తుకుని తెచ్చి చప్పట్లు కొట్టి ఉండేవాళ్ళం. అందుకే చెప్పలేదు. కింద, తనతో సమానమైన ఎత్తులో, తన పక్కన కూర్చున్న మనిషికి మాత్రం చెప్పారు.

బాబాయి రెండు చేతులూ పైకి లేచాయి. మధ్యలో గుర్తొచ్చి, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క చప్పట్టు మోగలేదు. అయ్యగారు వేదిక మీది నుంచి దిగబోయి, ఆగి, పాటల పుస్తకం వైపు తల వంచుకుని మూడో చరణం అందుకున్నారు.

నర్సమ్మగారు మా వరుస దాకా వచ్చారు. నేను కాళ్ళు జరిపి అవతలి పక్కకి దారిచ్చాను. ఆమె కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, చుట్టూ చూశారు. ఇటు నా పక్కన, కోసిన చోటులోకి, కుర్చీ వచ్చి సరిగ్గా కుదురుకుంది. బురద మరకల పాటల పుస్తకం తెరుచుకుంది. రెండు మాటల తర్వాత ఆయన గొంతు లేచింది, ముందు కాస్త బొంగురుగా, తర్వాత మామూలుగా.

నర్సమ్మగారు నా చెయ్యి తట్టి, చెవి దగ్గరికి వంగారు.

"గోడలకి రంగెప్పుడు మార్చారమ్మా?" అన్నారు.

రెండేళ్ళయింది. నేను నా పాటల పుస్తకం ఆమె వైపు జరిపాను.